పాత మీడియా ప్లేయర్‌లో ఆన్‌లైన్ టీవీ: అడ్డు ఎక్కడుందో కనిపెట్టి దారి చేసుకొనే పద్ధతి

కడపలో మా ఇంట్లో 2012 ప్రాంతంలో కొన్న మీడియా ప్లేయర్ ఒకటి ఇప్పటికీ పనిచేస్తోంది. పెన్‌డ్రైవ్‌లో పెట్టిన సినిమాలను చక్కగా ఆడిస్తుంది గాని, ఆన్‌లైన్ టీవీ లింకు ఇస్తే మాత్రం ‘ఈ ఫార్మాట్‌కు మద్దతు లేదు’ అన్న ఒక్క మాట చూపించి ఊరుకొనేది. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణాన్ని ఇంట్లోని టీవీలోనే చూడాలని మా జేజి పట్టుబట్టిన ఏడాది నేను ఆ మాట వెంట పడ్డాను. తీరా చూస్తే అది చాలాసార్లు అబద్ధం. ఫార్మాట్ బాగానే ఉండి కేవలం ప్లేయర్‌లోని తేదీ తప్పుగా ఉన్నా, లింకును చదవడం రాకపోయినా, సర్వర్‌తో సురక్షిత సంబంధం కుదరకపోయినా ఆ ప్లేయర్ చెప్పేది ఆ ఒక్క మాటే. అందువల్ల ఏ సాఫ్ట్‌వేర్‌నో దించుకోవడానికి ముందు ప్రసారం ఎక్కడ ఆగిపోతున్నదో తేల్చుకోవాలి. ఆ తరువాత ఎంత తక్కువ మార్పుతో పని జరుగుతుందో అంత తక్కువ మార్పే చేయాలి. ఈ వ్యాసంలోని మెట్లన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి. వీటికి కావలసినవి ఇంట్లో ఇంటర్నెట్, ఒక మోస్తరు పాత ల్యాప్‌టాప్, ప్లేయర్ ఉన్న చోటికి చేరే రూటర్.

మొదటి మెట్టు: ఏ ప్రసారానికి ఈ శ్రమ పనికివస్తుంది

ఆన్‌లైన్ ప్రసారాలలో కొన్నింటిని ప్రసారకర్తలే బహిరంగంగా లింకు రూపంలో ఇస్తారు. మరికొన్ని వారి యాప్‌లోనో వెబ్‌సైటులోనో మాత్రమే నడుస్తాయి. డబ్బు కట్టి చూసే యాప్‌లలోని ఛానళ్లు చాలావరకు వైడ్‌వైన్, ప్లేరెడీ, ఫెయిర్‌ప్లే వంటి తాళాలతో వస్తాయి. ఆ తాళం ఉన్న ప్రసారాన్ని ఏ పాత ప్లేయరూ తెరవలేదు, తెరిపించే ప్రయత్నమూ చేయకూడదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో చేరిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదించినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడవచ్చు. వాట్సాప్ గుంపులలో తిరిగే ‘వెయ్యి ఛానళ్ల ఉచిత లిస్టు’ల జోలికి కూడా పోకపోవడం మంచిది; వాటిలో అధిక భాగం దొంగ ప్రసారాలే, పైగా ఈ రోజు నడిచిన లింకు రేపటికి ఉండదు. యూట్యూబ్‌లో వచ్చే ప్రత్యక్ష ప్రసారాలు ఉచితమే అయినా, వాటిలోనుంచి లింకును బయటికి లాగడం ఆ సంస్థ నిబంధనలకు విరుద్ధం. వాటికోసం చివరి మెట్టులో చెప్పిన కేబుల్ దారినే పట్టాలి. మా జేజి కోరిన కల్యాణం కూడా చివరికి ఆ దారిలోనే ఇంటికి వచ్చింది.

రెండో మెట్టు: ల్యాప్‌టాప్‌లో పరీక్ష

ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌ను దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకొని, కంట్రోల్, ఎన్ కీలను కలిపి నొక్కితే నెట్‌వర్క్ లింకు అడిగే గడి వస్తుంది. అందులో ప్రసారం లింకును అతికించి ప్లే నొక్కాలి. ఇక్కడే నడవకపోతే లోపం లింకులో ఉన్నట్టు. ప్లేయర్‌ను నిందించి లాభం లేదు. నడిస్తే, బొమ్మ ఆడుతుండగానే కంట్రోల్, జే కీలు నొక్కాలి. కోడెక్, అంటే వీడియోను, శబ్దాన్ని కుదించి మళ్లీ విప్పే పద్ధతి, దాని సమాచారం కనబడుతుంది. అందులోనుంచి మూడు సంగతులు కాగితం మీద రాసుకోవాలి: వీడియో కోడెక్ పేరు, బొమ్మ పరిమాణం, ఆడియో కోడెక్ పేరు. తరువాత పెట్టెలో దాచిన ప్లేయర్ మాన్యువల్‌ను తీసి, అది ఏ కోడెక్‌లను చదవగలదో ఈ మూడింటితో పోల్చాలి. ఈ ఐదు నిమిషాల పని చేయకుండా సెట్టింగులు మారుస్తూ పోయినవారు సాయంత్రమంతా పోగొట్టుకుంటారు. నేను పోగొట్టుకున్నాను.

పోల్చేటప్పుడు కొన్ని తేదీలు గుర్తుంటే ఉపయోగం. హెచ్.264 కోడెక్ 2003 నాటిది కనుక పదేళ్ల కిందటి ప్లేయర్లు దాదాపు అన్నీ దానిని చదువుతాయి. హెచ్.265 ప్రమాణం 2013లో వచ్చింది. అంతకు ముందు తయారైన ప్లేయర్‌లోని చిప్‌కు అది తెలిసే అవకాశమే లేదు. ఏవీ1 2018లో వచ్చింది. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే అనుమానించవలసింది ఆడియో కోడెక్‌ను. తక్కువ వేగపు ప్రసారాలలో హెచ్‌ఈ-ఏఏసీ అనే రకం వాడతారు, కొన్ని పాత ప్లేయర్లకు మామూలు ఏఏసీ తప్ప అది తెలియదు.

సంచి వేరు, సరుకు వేరు

ముందుకు పోయే ముందు ఒక్క తేడాను స్పష్టంగా పట్టుకోవాలి, ఎందుకంటే తక్కిన మెట్లన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. కోడెక్ అంటే సరుకు. కంటెయినర్ అంటే ఆ సరుకును కట్టిన సంచి. అనంతపురం మార్కెట్‌కు వచ్చిన వేరుసెనగను గోనెసంచిలోనుంచి ప్లాస్టిక్ సంచిలోకి పోస్తే కాయలు కాయలుగానే ఉంటాయి. పని నిమిషంలో అయిపోతుంది, ఒక్క గింజా పాడవదు. అదే కాయలను ఒలిచి గానుగ ఆడిస్తే నూనె వస్తుంది గాని, దానికి సమయం పడుతుంది, శక్తి పడుతుంది, నూనెను మళ్లీ కాయలుగా చేయడం ఎవరి తరమూ కాదు. ప్రసారం సంచిని మాత్రమే మార్చడాన్ని రీమక్సింగ్ అని, సరుకునే మార్చడాన్ని ట్రాన్స్‌కోడింగ్ అని అంటారు. మొదటిదానికి పదిహేనేళ్ల నాటి ల్యాప్‌టాప్ చాలు, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. రెండోదానికి ప్రాసెసర్ నూటికి నూరుపాళ్లూ పనిచేయవలసి రావచ్చు, బొమ్మ కూడా ఎంతోకొంత పాడవుతుంది. హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో ఉన్న ప్రసారం ఆడకపోతే తొంభై పాళ్లు సంచి మార్చడంతోనే సరిపోతుందని నా అనుభవం. చాలామంది మాత్రం నేరుగా గానుగ దగ్గరికే పోతారు.

ఇప్పటి టీవీ ప్రసారాలలో సరుకును సంచులలో కట్టి పంపడానికి ఎక్కువ వాడుకలో ఉన్న పద్ధతి హెచ్‌ఎల్‌ఎస్. ఆపిల్ సంస్థ 2009లో తెచ్చిన ఈ పద్ధతిలో ప్రసారం ఒకే ధారగా రాదు. కొద్ది సెకన్ల ముక్కలుగా, సాధారణంగా ఆరేసి సెకన్ల ముక్కలుగా వస్తుంది. ఏ ముక్క తరువాత ఏ ముక్క అన్నది ఎమ్3యూ8 అనే చిన్న అక్షరాల ఫైలు చెబుతుంది, ప్లేయర్ ఆ ఫైలును మళ్లీ మళ్లీ తెచ్చుకొని చదువుకుంటూ ఉండాలి. పాత ప్లేయర్‌కు ముక్కలోని వీడియోను చూపడం వచ్చు గాని, ఈ జాబితాను చదువుకుంటూ పోవడం రాదు. అందుకే అది అక్షరాల ఫైలును చూసి, ఇది వీడియో కాదు కదా అని వెనక్కు తిప్పుతుంది. లింకు చివర ఎంపీడీ అని ఉంటే అది 2012లో ప్రమాణంగా వచ్చిన డాష్ పద్ధతి. పాత ప్లేయర్లు దానినీ చదవలేవు. ఆర్‌టీఎంపీతో మొదలయ్యే లింకులు ఫ్లాష్ కాలం నాటివి. 2020 డిసెంబరు 31తో అడోబ్ సంస్థ ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ఆపేసింది కాబట్టి, పాత వ్యాసాలలో దొరికే అలాంటి లింకుల కోసం వెతకనవసరం లేదు.

మూడో మెట్టు: ల్యాప్‌టాప్‌ను మధ్యలో నిలపకుండా చేయగల సవరణలు

అన్నిటికంటే ముందు ప్లేయర్ సెట్టింగులలో తేదీని చూడాలి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన పరికరాలు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ 1970 జనవరి 1కో, తయారైన నాటి తేదీకో వెనక్కు పోతాయి. సురక్షిత లింకును తెరిచేటప్పుడు సర్వర్ తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్‌కు ఆరంభ తేదీ, గడువు తేదీ ఉంటాయి కనుక, 1970లో ఉన్నాననుకొనే ప్లేయర్ ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదని నిర్ణయించి తలుపు మూసేస్తుంది. తేదీని, భారత కాలాన్ని సరిచేస్తే చాలు, కొన్ని ప్లేయర్లు నడుస్తాయి.

తేదీ సరిగ్గా ఉన్నా సురక్షిత లింకులు మాత్రమే ఆగిపోతుంటే కారణం ప్లేయర్ వయసు. వెబ్‌సైట్లకు ఇలాంటి సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న పాత మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30న ముగిసింది. అప్‌డేట్లు ఆగిపోయిన ఎన్నో పరికరాలు ఆ రోజుతో చాలా సైట్లను తెరవలేకపోయాయి. అదే ఏడాది మార్చిలో సురక్షిత సంబంధానికి వాడే టీఎల్‌ఎస్ అనే పద్ధతిలో 1.0, 1.1 సంస్కరణలు వాడకూడనివిగా ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ప్రకటించింది. ఆ పాత సంస్కరణలు మాత్రమే తెలిసిన ప్లేయర్లతో ఇప్పటి సర్వర్లు మాట కలపవు. దీనికి ప్లేయర్‌లో చేయగలిగింది ఏమీ లేదు. మధ్యలో ల్యాప్‌టాప్ ఉండవలసిందే.

ప్లేయర్ హెచ్‌ఎల్‌ఎస్‌ను ఎంతోకొంత చదవగలిగినదైతే ఇంకొక సవరణ చేయవచ్చు. లింకు ద్వారా వచ్చే మొదటి ఫైలు తరచుగా మూల జాబితా మాత్రమే. అందులో ఒకే ప్రసారం తక్కువ, మధ్య, ఎక్కువ నాణ్యతలలో విడివిడి జాబితాలుగా ఉంటుంది. పాత ప్లేయర్లలో కొన్నింటికి ఈ రెండంతస్తుల ఏర్పాటు అర్థం కాదు. ల్యాప్‌టాప్‌లోని బ్రౌజర్‌లో ఆ లింకును తెరిస్తే ఫైలు దిగుతుంది, దానిని నోట్‌ప్యాడ్‌లో తెరవాలి. బ్యాండ్‌విడ్త్, రిజల్యూషన్ అంకెలున్న ప్రతి వరుస కింద ఒక చిరునామా ఉంటుంది. మీ టీవీకి తగినదానిని, అంటే పాత డబ్బా టీవీకి 480 లేదా 576 వరుసలున్నదానిని ఎంచుకోవాలి. ఆ చిరునామా పూర్తిగా కాకుండా ఫైలు పేరుగా మాత్రమే ఉంటే, అసలు లింకులో చివరి ఏటవాలు గీత (/) వరకు ఉన్న భాగాన్ని దాని ముందు చేర్చాలి. ఇలా తయారైన లింకును మొదట వీఎల్‌సీలో పరీక్షించి, తరువాత ప్లేయర్‌కు ఇవ్వాలి.

రిమోట్‌తో అంత పొడవు లింకు కొట్టడం ఓపికకు పరీక్ష. దానికి బదులు నోట్‌ప్యాడ్‌లో ఆ ఒక్క లింకును ఒక వరుసగా రాసి, ఎమ్3యూ అనే ఎక్స్‌టెన్షన్‌తో పెన్‌డ్రైవ్‌లో భద్రపరచి, ప్లేయర్‌కు తగిలిస్తే చాలు. సేవ్ చేసేటప్పుడు ఫైలు రకం ‘ఆల్ ఫైల్స్’గా ఉండాలి, లేకపోతే చివర టీఎక్స్‌టీ తగులుకుంటుంది. ఎన్‌కోడింగ్ గడిలో ‘విత్ బామ్’ అన్నదానిని ఎంచుకోకూడదు. మొదటి అక్షరానికి ముందు కంటికి కనబడని గుర్తు చేరి కొన్ని ప్లేయర్లు మొదటి వరుసనే చదవలేవు.

నాలుగో మెట్టు: ల్యాప్‌టాప్‌ను మధ్యవర్తిగా నిలపడం

అసలు మందు ఇదే. ల్యాప్‌టాప్ బయటి ప్రపంచంతో కొత్త పద్ధతిలో మాట్లాడి, హెచ్‌ఎల్‌ఎస్ ముక్కలను అతికి, ఒకే ధారగా మామూలు హెచ్‌టీటీపీ (సర్టిఫికెట్ అడగని వెబ్ లింకు) మీద ఇంట్లోని ప్లేయర్‌కు అందిస్తుంది. సర్టిఫికెట్ల గొడవ, జాబితా గొడవ రెండూ దీనితో ఒకేసారి తీరిపోతాయి.

వీఎల్‌సీలో కంట్రోల్, ఎస్ కీలు నొక్కి, వచ్చిన కిటికీలో నెట్‌వర్క్ ట్యాబ్‌కు పోయి లింకు అతికించి స్ట్రీమ్ నొక్కాలి. తరువాతి పేజీలో గమ్యంగా హెచ్‌టీటీపీని ఎంచుకొని యాడ్ నొక్కితే పోర్ట్, పాత్ గడులు వస్తాయి. పోర్ట్‌ను 8080గానే ఉంచవచ్చు. పాత్ గడిలోని ఏటవాలు గీత పక్కన ఏదైనా చిన్న పేరు రాసి, దాని చివర చుక్క పెట్టి టీఎస్ అని ఇంగ్లిషు అక్షరాలలో చేర్చడం మేలు, ఎందుకంటే కొన్ని ప్లేయర్లు పేరు చివరి అక్షరాలను చూసే ఫార్మాట్‌ను నిర్ణయించుకుంటాయి. ఆ పై పేజీలో ట్రాన్స్‌కోడింగ్ ప్రొఫైల్ అడుగుతుంది. అక్కడ టీఎస్ అని పేరులో ఉన్న హెచ్.264 ప్రొఫైల్‌ను ఎంచుకొని, పక్కనున్న పానా గుర్తు నొక్కాలి. ఎన్‌క్యాప్సులేషన్ ట్యాబ్‌లో ఎంపెగ్-టీఎస్ అనే సంచి ఉండాలి; వీడియో ట్యాబ్‌లో, ఆడియో ట్యాబ్‌లో ‘కీప్ ఒరిజినల్’ అన్నదాని ఎదురుగా టిక్కు పెట్టాలి. సంచిని మార్చి సరుకును అలాగే ఉంచమని చెప్పడం ఇదే. ప్రొఫైల్‌ను భద్రపరచి, తరువాతి పేజీలో స్ట్రీమ్ నొక్కితే ల్యాప్‌టాప్‌లో బొమ్మ కనబడకపోయినా ప్రసారం మొదలైనట్టే. ఈ సమయంలో విండోస్ ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు అనుమతి ఇవ్వాలి. తొందరలో కాన్సిల్ నొక్కినవారు తరువాత గంటసేపు తల పట్టుకుంటారు.

ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి ల్యాప్‌టాప్ ఐపీ అడ్రసు చూసుకోవాలి. అది 192.168.1.20 అనుకుంటే, ప్లేయర్‌కు ఇవ్వవలసిన లింకు హెచ్‌టీటీపీతో మొదలై, ఆ అడ్రసు, రెండు చుక్కలు (:), 8080, ఏటవాలు గీత, మీరు పెట్టిన పేరుతో ముగుస్తుంది. ప్లేయర్‌కు ఇచ్చే ముందు అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో వీఎల్‌సీ వేసుకొని తెరిచి చూస్తే, లోపం ల్యాప్‌టాప్ వైపు ఉందో ప్లేయర్ వైపు ఉందో వెంటనే తెలుస్తుంది.

రెండో మెట్టులో రాసుకున్న కోడెక్ ప్లేయర్‌కు తెలియనిదైతే అప్పుడు మాత్రమే గానుగ ఆడించాలి. శబ్దం ఒక్కటే రాకపోతే వీడియోకు ‘కీప్ ఒరిజినల్’ను అలాగే ఉంచి, ఆడియోను మాత్రం ఎంపెగ్ ఆడియోగా 128 కిలోబిట్లతో మార్చాలి. ఇది ప్రాసెసర్‌కు పెద్ద బరువు కాదు. వీడియోను కూడా మార్చవలసి వస్తే హెచ్.264, 1500 కిలోబిట్లు, డబ్బా టీవీకైతే 720×576 పరిమాణం చాలు. అంతకు మించి పంపినా ఆ తెర చూపలేదు. కర్నూలులోనైనా కడపలోనైనా మే నెలలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం వీడియో ట్రాన్స్‌కోడింగ్ నడిపితే పాత ల్యాప్‌టాప్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, టీవీలో బొమ్మ అడుగడుక్కీ ఆగుతుంది. కింద రెండు చెక్కముక్కలు పెట్టి గాలి ఆడేలా ఎత్తుగా ఉంచాలి; పరుపు మీద మాత్రం పెట్టకూడదు. మూత మూసినా నిద్రపోకుండా పవర్ సెట్టింగులలో ‘డూ నథింగ్’ ఎంచుకోవాలి.

లింకు ఇచ్చే గడే లేని ప్లేయర్లు

కొన్ని ప్లేయర్లు, ముఖ్యంగా టీవీలోనే అమర్చిన మీడియా ప్లేయర్లు, లింకు కొట్టనివ్వవు. నెట్‌వర్క్‌లోని మీడియా సర్వర్లను మాత్రమే వెతుక్కుంటాయి. ఇంట్లోని పరికరాలు ఒకదానితో ఒకటి వీడియోలు పంచుకొనే ఏర్పాటైన డీఎల్‌ఎన్‌ఏ గుర్తు ఉన్న పరికరాలు ఈ కోవకు చెందుతాయి. వీటికోసం ల్యాప్‌టాప్‌లో సర్వియో లేదా యూనివర్సల్ మీడియా సర్వర్ వంటి ప్రోగ్రామును పెట్టుకోవాలి. సర్వియోలో లైబ్రరీ భాగంలోని ఆన్‌లైన్ సోర్సెస్‌లో లైవ్ స్ట్రీమ్ రకంగా లింకును చేర్చి ఒక పేరు పెడితే, టీవీలో ఆ పేరు వీడియో ఫైలులా కనబడుతుంది. స్టేటస్ భాగంలో మీ టీవీకి తగిన ప్రొఫైల్‌ను ఎంచుకోవడం మరవకూడదు. ట్రాన్స్‌కోడింగ్ చేయాలా వద్దా అన్నది ప్రోగ్రాము ఆ ప్రొఫైల్‌ను చూసే నిర్ణయిస్తుంది. ప్రత్యక్ష ప్రసారానికి నిడివి ఉండదు కనుక ముందుకు, వెనక్కు జరపడం పనిచేయదు, దానిని లోపంగా అనుకోనవసరం లేదు.

ఇంట్లో రెండు రూటర్లుంటే

మన ఊళ్లలో ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవారు ఒక వైఫై డబ్బా పెట్టిపోతారు, దాని సిగ్నల్ వెనక గదికి చేరదని ఇంటివారు ఇంకొక రూటర్ కొని తగిలిస్తారు. అప్పుడు ల్యాప్‌టాప్ అడ్రసు 192.168.1తోనూ, ప్లేయర్ అడ్రసు 192.168.0తోనూ మొదలవుతుంటే అవి రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నట్టే. డీఎల్‌ఎన్‌ఏ వెతుకులాట 239.255.255.250 అనే ఉమ్మడి అడ్రసుకు, 1900 పోర్టు మీద వేసే కేక వంటిది. ఆ కేక రూటర్ గోడను దాటదు. రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు (సొంత నెట్‌వర్క్ పెట్టక సిగ్నల్ మాత్రం అందించే తీరుకు) మార్చాలి, లేదా రెండు పరికరాలనూ ఒకే డబ్బాకు కలపాలి. గెస్ట్ వైఫైలో ఉన్న పరికరాలు కూడా సాధారణంగా ఒకదానినొకటి చూడలేవు. ఇది కుదిరాక రూటర్‌లో ల్యాప్‌టాప్‌కు స్థిరమైన అడ్రసు కేటాయిస్తే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ లింకు మార్చుకోనక్కరలేదు. అదే ప్రసారం అప్పుడప్పుడు ఆగుతుంటే ల్యాప్‌టాప్‌నైనా ప్లేయర్‌నైనా, వీలైన ఒకదానిని వైఫై నుంచి తప్పించి ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కు కలిపి చూడాలి.

డేటా లెక్క కూడా చూసుకోవాలి. రెండు మెగాబిట్ల ప్రసారం గంటసేపు నడిస్తే దాదాపు 900 మెగాబైట్లు ఖర్చవుతాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవారికి రోజువారీ డేటా ఒక్క సాయంత్రానికి సరిపోదు.

చివరి మెట్టు: కేబుల్

యాప్‌లో మాత్రమే వచ్చే ప్రసారాలకు, యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారాలకు ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపడమే న్యాయమైన దారి. మీడియా ప్లేయర్ ప్రమేయం ఇక ఉండదు. ఎర్ర, తెల్ల, పసుప్పచ్చ పిన్నుల ఏవీ ఇన్‌పుట్ మాత్రమే ఉన్న టీవీకి మధ్యలో కన్వర్టర్ కావాలి. కొనేటప్పుడు దాని మీద ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ అని ఉందో లేదో చదవాలి. చూడటానికి అచ్చం అలాగే ఉండే ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ని కొని మళ్లీ దుకాణానికి తిరిగినవారు నాకు ముగ్గురు తెలుసు. దానికి యూఎస్‌బీ ద్వారా కరెంటు కూడా అందించాలి. తాళం వేసిన ప్రసారాలు ఈ కన్వర్టర్ మీద నల్లగా కనబడవచ్చు, అక్కడితో ఆగిపోవాలి. శబ్దం ల్యాప్‌టాప్‌లోనే వస్తుంటే విండోస్ సౌండ్ సెట్టింగులలో అవుట్‌పుట్‌ను హెచ్‌డీఎంఐకి మార్చాలి.

ఏ దారిలో తెచ్చుకున్నా ఆన్‌లైన్ ప్రసారం అసలు ఘట్టం కంటే వెనుకబడే ఉంటుంది. హెచ్‌ఎల్‌ఎస్‌లో ప్లేయర్ చివరి మూడు ముక్కలంత దూరం వెనక నుంచి మొదలుపెట్టాలన్నది నియమం, ఆరు సెకన్ల ముక్కలైతే అదే పద్దెనిమిది సెకన్లు. ల్యాప్‌టాప్ మధ్యవర్తిగా ఉంటే మరికొన్ని సెకన్లు కలుస్తాయి. ఒంటిమిట్ట కల్యాణం రాత్రిపూట జరుగుతుంది కాబట్టి వీధిలో చప్పుడు తక్కువ. డిష్ ఉన్న ఎదురింట్లో మంగళవాద్యాలు మోగిన అర నిమిషానికి మా టీవీలో మోగాయి. ఆ అర నిమిషమూ జేజి నా వైపే చూస్తూ కూర్చుంది.